పదవి ఏదైనా, మనిషి ఎవరైనా

బాపట్ల,
3 జూన్ 2025

బావగారికి,

మీ బావమరిది కృష్ణకాంత్ నమస్కరించి రాస్తున్నాడు. మొన్న ఫోన్లో మనం అరుచుకున్న అరుపులకి అక్కడ సుశీలక్కయ్య, ఇక్కడ మా లక్ష్మీదుర్గ కూడబలుక్కుని మన మాటలు మాన్పించారు. "సంఘం సంగతులేవన్నా ఉంటే కాగితం మీద రాసుకోండి. కాగితానికి బీపీ ఉండదు" అంది అక్కయ్య. అందుకని ఎన్నో ఏళ్ల తర్వాత పోస్టాఫీసుకి వెళ్లి కవర్లు కొన్నాను. కౌంటర్లో అమ్మాయి నన్ను పెన్షన్ కోసం వచ్చిన ముసలాయన అనుకుని కుర్చీ వేసింది.

అసలు విషయానికొస్తాను. మన డెల్టా సర్వేయర్ల సంఘానికి మీరు అధ్యక్షుడు, నేను కార్యదర్శి అయిననాడు అంతా ఒకటే జిల్లా. ఇప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వచ్చాయి. మన వినతిపత్రం పట్టుకుని ఇక్కడి ఆఫీసుకి వెళితే "మీ సంఘం తెనాలిది కదండి" అంటారు. అక్కడికి వెళితే "సగం మంది బాపట్లవాళ్లు కదండి" అంటారు. ఈలోగా రేపల్లెలో లైసెన్సు ఉన్న కుర్రకారంతా వేరే సంఘం రిజిస్టరు చేయించబోతున్నారు. డిప్లొమా లేనివాళ్లని మనం చేర్చుకోం కదా, వాళ్లు మాత్రం ఏం చేస్తారు. రెండు సంఘాలైతే ఏ ఆఫీసరూ ఎవరి మాటా వినడు.

కాబట్టి కొత్త నియమావళి రాశాను. ఒకటి, లైసెన్సు ఉంటే చాలు, డిప్లొమా అక్కర్లేదు. రెండు, కార్యవర్గంలో తెనాలి, బాపట్ల, రేపల్లెకి సమానంగా స్థానాలు. మూడోది చదివేముందు మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. అధ్యక్ష పదవిలో ఎవరూ రెండు విడతలకి మించి ఉండకూడదు. మీకు మాత్రం 'గౌరవ పోషకులు' అనే స్థానం ఉంచాను.

జులై ఇరవైన రేపల్లెలో సర్వసభ్య సమావేశం. ఆలోపు మీ అభిప్రాయం రాయండి.

విధేయుడు,
కృష్ణకాంత్

---

తెనాలి,
10 జూన్ 2025

కృష్ణకాంత్‌కి,

మీ బావ బసవేశ్వరరావు ఆశీర్వదించి రాస్తున్నాడు, మనసులో లేకపోయినా.

మూడోదే ముందు చదివాను. మంచినీళ్లు చాల్లేదు.

ఏమయ్యా, నన్ను దించాలంటే "బావా, దిగండి" అంటే దిగనా? దానికి నియమం రాయాలా? పైగా గౌరవ పోషకులట. మన సంఘంలో ఇదివరకు ఇద్దరికి ఆ గౌరవం ఇచ్చాం. ఇద్దరూ ఏడాది తిరక్కుండా పోయారు. మూడోవాణ్ణి నేను కాదల్చుకోలేదు.

డిప్లొమా సంగతి. లైసెన్సు తెచ్చుకున్నవాళ్లంటే నాకేం విరోధం లేదు. రేపల్లె వాళ్లకి పెద్దగా తిరుగుతున్న శాలేమురాజు ఎవరు? మన భట్టిప్రోలువాడు, నా దగ్గర కొలత గొలుసు లాగినవాడే. నేనీ చివర, వాడా చివర, ఈ డెల్టాలో మేం కొలవని చేను లేదు. నలభై దాటాక ఐటీఐ చదివి, లైసెన్సు తెచ్చుకుని, ఇప్పుడు రోవర్ కొన్నాడు. ఆ కర్ర నేలమీద పెడితే ఆకాశంలో ఉపగ్రహాలు వాడికి హద్దు చెప్తాయట. అంతా బానే ఉంది. కానీ గొలుసు పట్టినవాడు వచ్చి పక్కన కూర్చుంటే మన వెంకట సుబ్బయ్యగారు ఊరుకుంటారా? ఆయన పక్క కుర్చీలో నన్నే కూర్చోనివ్వరు, సంచీ పెట్టుకుంటారు.

ఇక అసలు దెబ్బ. నిన్న ప్రెస్సు బసవమ్మగారు పిలిచి, నువ్వు అచ్చుకిచ్చిన కొత్త లెటర్‌ప్యాడ్ నమూనా చూపించింది. "అధ్యక్షులు" అని ఉంది. దాని కింద నీ పేరు ఉంది. ఆవిడ నా మొహం చూసి కాఫీ తెప్పించింది. ఇదా నీ నియమావళి?

మీ అక్క అడగమంది, మీ ఇంట్లో జీడిమామిడి పళ్లు అయిపోయాయా అని. నేను అడగట్లేదు, ఆవిడే అడుగుతోంది.

బసవేశ్వరరావు

---

బాపట్ల,
18 జూన్ 2025

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి లక్ష్మీదుర్గ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

లెటర్‌ప్యాడ్ సంగతి చెబుతాను. "అధ్యక్షులు" అని రాసి, ఎన్నిక జరగకుండా పేరు వెయ్యకూడదు కదా అని, దాని కింద ఒక గీత ఖాళీగా వదిలాను. ఆ కింద "కార్యదర్శి, కృష్ణకాంత్" అని రాశాను. బసవమ్మగారు ఖాళీ గీత ఎందుకని తీసేశారు. "కార్యదర్శి" అన్న మాట మడతలో పడి కనిపించలేదట. ఆవిడతో మాట్లాడాను. "పేర్లు దగ్గరదగ్గరగా ఉంటే కాగితం అందంగా ఉంటుందండి" అన్నారు. ఆవిడ అందం కోసం మన చుట్టరికం పోయేలా ఉంది.

నేను అధ్యక్షుణ్ణి కావాలనుకోవడమేంటి బావా? కార్యదర్శిని కూడా కావాలనుకోలేదు. అదసలు పదవేనా, చాకిరీ. మీటింగుకి కుర్చీలు, మైకు, మినిట్సు, పులిహోరలో జీడిపప్పు తక్కువైందన్న మాటలు, అన్నీ నా నెత్తినే. అయినా సంతోషంగా చేస్తున్నాను, ఇంకా చేస్తాను.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఇది మీ ఒక్కరి కోసం పెట్టిన నియమం కాదు. పదవి ఏదైనా, మనిషి ఎవరైనా, నియమం అందరికీ ఒకటే. మనం పెద్దరికంగా తప్పుకుంటేనే పిల్లలు లోపలికొస్తారు. ఇది నా గుండెలోంచి వచ్చిన మాట.

రేపల్లెలో మా శ్రావ్య బాగానే ఉంది. లైసెన్సు వచ్చాక అక్కడే గది తీసుకుని సర్వే పనులు చూసుకుంటోంది. తనకి డిప్లొమా ఉంది కాబట్టి మన సభ్యురాలే, కానీ తిరిగేదంతా ఆ కుర్రాళ్లతోనే.

జీడిమామిడి పళ్లు అయిపోయాయి. వచ్చే ఏడు మీకే ముందు.

కృష్ణకాంత్

---

తెనాలి,
29 జూన్ 2025

కృష్ణకాంత్‌కి,

నీ గుండెలోంచి వచ్చిన మాట రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకోరకంగా అనిపించింది. ఆ కుర్రాళ్లేంటో నా కళ్లతో చూద్దామని మొన్న రేపల్లె పాసింజరెక్కాను.

స్టేషన్లో దిగేసరికి శాలేమురాజు మోటారు సైకిల్ మీద ఎదురొచ్చాడు. మనిషి మారిపోయాడు. నల్ల కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు ఫోన్లు. "రండి సార్, ముందు భోజనం, తర్వాతే రాజకీయం" అన్నాడు. వాళ్లావిడ దానమ్మ పీతల పులుసు పెట్టింది. నేను మాటకారినని ఊరంతా అంటారు కదా, ఆ పీతలతో కుస్తీ పడుతున్నంతసేపు నోరెత్తలేదు. వాడు మాత్రం ఆపలేదు. చిన్నప్పటినుంచీ వాడికి గొంతు పెద్ద. చేను ఆ చివరనుంచి అంకె చెబితే ఈ చివర గేదెలు తలెత్తేవి.

భోజనమయ్యాక పెద్దమనిషి తరహాలో చెప్పాను, "చూడు రాజూ, మిమ్మల్ని మా సంఘంలో చేర్చుకునే విషయం నేను ఆలోచిస్తాను" అని.

వాడేమన్నాడో తెలుసా? "మీ సంఘంలో చేరతామని మేం అడగట్లేదండి. మా సంఘంలో మీరు చేరతారా అని అడుగుదామనే భోజనానికి పిలిచానండి."

నాకు పొలమారింది. మీ శ్రావ్య అక్కడే ఉంది, నీళ్లందించింది. తర్వాత వాళ్ల గదికి తీసుకెళ్లారు. కుర్చీలు చాలక సగం మంది నేలమీద కూర్చున్నారు. అందరూ మాట్లాడుతున్నారు, పని గురించి. ఏ ఊళ్లో రాళ్లు పీకేశారు, ఏ రైతులు హద్దు ఒప్పుకోకుండా కర్రలెత్తారు, ఎవరికి ఏ ఆఫీసులో మ్యాపు ఇవ్వలేదు. మన మీటింగులో చివరిసారి పని గురించి మాట్లాడుకున్నదెప్పుడో చెప్పు. పోయినసారి రెండు గంటలు మాట్లాడింది శాలువా రంగు గురించి.

వచ్చేటప్పుడు రైల్లో ఆలోచించాను. ఏం ఆలోచించానో సభలో చెప్తాను.

బసవేశ్వరరావు

కృష్ణా, అక్కయ్య రాస్తున్నాను. మీ బావ రేపల్లెనుంచి వచ్చినప్పటినుంచీ అద్దం ముందు ఉపన్యాసం చెప్పుకుంటున్నారు. బీపీ చూపిస్తే నార్మల్ వచ్చింది. నాకు భయంగా ఉంది.

---

బాపట్ల,
30 జూన్ 2025

బావగారికి,

మీ దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. చెరుకుపల్లి నుంచి మన సభ్యుడొకాయన వచ్చి చెప్పాడు. మీరు రేపల్లె వెళ్లారట. శాలేమురాజు ఇంట్లో పీతలు తిన్నారట. వాళ్ల సంఘంలో చేరిపోయారట. అధ్యక్షుణ్ణి చేస్తే వస్తానన్నారట.

నేనిక్కడ సంఘాన్ని ఒకటిగా ఉంచడానికి నియమావళి రాస్తుంటే, మీరక్కడ రెండోదానికి తలపాగా చుట్టుకుంటున్నారా? ఇన్నేళ్లు మీ పక్కన కూర్చుని మినిట్సు రాసినందుకు ఇదా ఫలం? ఇకనుంచి మీ ఇష్టం. సభలో తేల్చుకుందాం.

అక్కయ్యకి నా మీద కోపం వద్దని చెప్పండి.

కృష్ణకాంత్

---

బాపట్ల,
3 జులై 2025

బావగారికి,

మీ ఉత్తరం ఇవాళ అందింది. మొన్న నేను రాసింది దయచేసి చింపెయ్యండి. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. అంతకుముందు ఉత్తరంలో గుండెలోంచి వచ్చిందని రాశానే, అదే నా అసలు అభిప్రాయం. అవసరమైతే సభలో పదిమందికీ చదివి వినిపించండి, నాకేం అభ్యంతరం లేదు.

చెరుకుపల్లి ఆయనతో మాట్లాడటం మానేశాను.

కృష్ణకాంత్

---

తెనాలి,
22 జులై 2025

కృష్ణకాంత్‌కి,

నీ కాలు ఎలా ఉంది? కారంచేడు దగ్గర చేనిగట్టు మీద జారి పడ్డావని శ్రావ్య చెప్పింది. సభకి రెండ్రోజుల ముందే పడాలా? పిండికట్టుతో మంచంమీద ఉన్నావు కాబట్టి సభ సంగతి వివరంగా రాస్తున్నాను. ముందు పడుకుని చదువు.

కళ్యాణ మండపం నిండిపోయింది. ఇటు మనవాళ్లు, అటు రేపల్లెవాళ్లు, మధ్యలో మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ అన్నట్టు దారి వదిలారు. నేను మొదటి నియమం చదివాను, లైసెన్సు ఉంటే చాలని. వెంకట సుబ్బయ్యగారు లేచారు. "గొలుసు మోసినోళ్లూ మనమూ ఒకటేనా అండీ?" అన్నారు.

శాలేమురాజు లేవబోయాడు. వాణ్ణి కూర్చోమని సైగ చేశాను, ఇది మన ఇంటి గొడవ కాబట్టి నేనే చెప్పాలనిపించింది. "సుబ్బయ్యగారూ, గొలుసుకి రెండు చివర్లుంటాయి. ఆ చివర ఆయన గట్టిగా పట్టుకున్నాడు కాబట్టే ఈ చివర నేను సర్వేయర్ననిపించుకున్నాను. ఒక్క చివరతో మీరెప్పుడైనా చేను కొలిచారా?" అన్నాను. అద్దం ముందు చెప్పుకున్న ఉపన్యాసం ఇది కాదు. అదంతా మర్చిపోయాను.

సుబ్బయ్యగారు సంచీ తీసుకుని వాకౌట్ చేశారు. భోజనాలు ఇంకా పెట్టలేదని తెలిసి వెనక్కొచ్చారు. ఈసారి సంచీ ఒళ్లో పెట్టుకున్నారు, పక్క కుర్చీలో ఒక రేపల్లె కుర్రాడు కూర్చున్నాడు మరి.

రెండో నియమం గొడవ లేకుండా నెగ్గింది. మూడోది రాగానే శ్రావ్య లేచి, "అధ్యక్షుడికి మాత్రమేనా, మిగతా పదవులకి లేదా మావయ్యా" అని అడిగింది. నాకు వెంటనే నీ ఉత్తరం గుర్తొచ్చింది. జేబులోనే ఉంది. "ఈ నియమం రాసినాయన మనసు ఎంత గొప్పదో వినండి" అని చదివాను. "పదవి ఏదైనా, మనిషి ఎవరైనా, నియమం అందరికీ ఒకటే. మనం పెద్దరికంగా తప్పుకుంటేనే పిల్లలు లోపలికొస్తారు." చప్పట్లు ఎంతసేపు కొట్టారో చెప్పలేను. సుబ్బయ్యగారు కూడా కొట్టారు. అక్కడికక్కడే "ఏ పదవిలోనైనా" అని సవరించి ఆమోదించారు.

మనిద్దరం రెండు విడతలు ఎప్పుడో దాటేశాం కదా, దాంతో నేనూ దిగిపోయాను, నువ్వూ దిగిపోయావు. రేపల్లెవాళ్లు తమ సంఘం ఊసు వదిలేసుకుని అందరూ మనలో కలిశారు. అధ్యక్షుడిగా శాలేమురాజు గెలిచాడు. కార్యదర్శి మీ శ్రావ్య.

నీ త్యాగానికి తీర్మానం చేసి కృతజ్ఞతలు చెప్పారు. చెల్లాయి లక్ష్మీదుర్గకి చెప్పు, శాలువా తెస్తున్నాను. ఆకుపచ్చది.

మీ బావ,
బసవేశ్వరరావు

---

బాపట్ల,
30 జులై 2025

బావగారికి,

నేను త్యాగం చెయ్యలేదు. ఆ వాక్యం మిమ్మల్ని ఓదార్చడానికి రాశాను. ఓదార్పుని తీసుకెళ్లి సవరణ చేస్తారా ఎవరైనా?

శ్రావ్య ఆదివారం వచ్చి బీరువాలోంచి సంఘం ఫైళ్లన్నీ ఆటోలో వేసుకుపోయింది. "నాన్నా, మినిట్సులో నీ దస్తూరి ఒక్కటే బాగుంది, మిగతాదంతా టిఫిన్ల గురించే ఉంది" అంది. ఇల్లు ఖాళీ అయినట్టుంది. లక్ష్మీదుర్గ మాత్రం బీరువా దొరికిందని చీరలు సర్దుకుంటోంది.

నిన్న శాలేమురాజు వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. వచ్చీ రాగానే నా పిండికట్టు చూసి, "ఎవరు వేశారండి, వంకరగా ఉంది" అన్నాడు. మనిషికి మొహమాటం లేదు. నేను మొహం తిప్పుకుని పడుకున్నాను. అతను వెళ్లలేదు. కాసేపయ్యాక గొంతు తగ్గించి అన్నాడు. "కృష్ణకాంత్ గారూ, నన్ను చేర్చుకోవాలని కాగితం మీద మొదట రాసింది మీరేనటండి. శ్రావ్య చెప్పింది. మా దానమ్మ మీ పేరు చెప్పి ప్రార్థన చేయించిందండి."

బత్తాయి ఒలుచుకుని తిన్నాను. పుల్లగా ఉంది, అయినా తిన్నాను.

పోతూపోతూ ఇంకో మాట చెప్పాడు. సభ్యులందరూ మళ్లీ కొత్తగా చేరాలట, పాతవాళ్లతో సహా. చేరాలంటే రోవర్‌తో హద్దు రాయి వెతికి చూపించాలట. నాకు కాలు బాగయ్యాక పరీక్ష. మీకు ఆగస్టు ఇరవై నాలుగున. అరవై దాటినవాళ్లకి మినహాయింపు ఉందా అని అడిగాను. "పదవి ఏదైనా, మనిషి ఎవరైనా కదండి" అన్నాడు.

కోపం పూర్తిగా పోలేదు. శాలువా పంపించండి, చలిగా లేకపోయినా కప్పుకుంటాను.

కృష్ణకాంత్

---

తెనాలి,
9 సెప్టెంబరు 2025

కృష్ణకాంత్‌కి,

జవాబు ఆలస్యమైంది. కారణం ఉంది. నేను పరీక్ష తప్పాను.

ఇరవై నాలుగున రేపల్లె కాలవగట్టు మీద పెట్టారు. కర్ర చేతికిచ్చి, మట్టిలో పూడిపోయిన రాయి ఎక్కడుందో చూపించమన్నారు. యంత్రానికి ఉపగ్రహాలు కుదురుకునేదాకా కాసేపు ఆగాలట. నేనెప్పుడన్నా ఆగానా? చూపు ఆనినచోట గునపం వేయించాను. రాయి రాలేదు, మునిసిపాలిటీ నీళ్ల గొట్టం వచ్చింది. నీళ్లు ఎగజిమ్మాయి. పరీక్ష పెట్టినవాళ్లూ, రాసినవాళ్లూ అందరం తడిశాం.

ఆ రాత్రి అన్నం సయించలేదు. పదవి పోయినప్పుడు బాధపడలేదు గానీ, సభ్యత్వం కూడా లేదంటే నేనెవర్నని అనిపించింది. మీ అక్క ఊరుకోలేదు. "ఇన్నేళ్లూ ఎవరి పొలం వాళ్లకి చూపించారు. ఇప్పుడు ఒక్క రాయి చూపించలేరా? వెళ్లి నేర్చుకోండి" అంది. మర్నాడే శ్రావ్య దగ్గరకెళ్లాను. వారం రోజులు ఎండలో నిలబెట్టింది. నా మేనకోడలు చాలా చెడ్డ టీచరు. "ఆగండి మావయ్యా", "కర్ర నిటారుగా మావయ్యా", "మాట్లాడకండి మావయ్యా." ఆ మూడో పాఠమే కష్టమైంది.

రెండోసారి వెళ్లాను. ఆగాను. కర్ర నిటారుగా పట్టాను. నోరు మూసుకున్నాను. గునపం ఠంగుమంది. మట్టి తుడిస్తే రాయి, దాని నెత్తిన గుర్తు. కృష్ణకాంత్, ఈ డెల్టాలో ఎన్ని రాళ్లు చూశానో, ఆ రాయిని చూసినంత సంతోషంగా దేన్నీ చూడలేదు. అందరికీ జిలేబీ తెప్పించాను.

నిన్న కొత్త కార్యవర్గం వచ్చాక సంఘం మొదటి సమావేశం. చివరి వరసలో కూర్చున్నాను. అక్కడినుంచి వేదిక ఎలా ఉంటుందో నాకు ఇప్పటిదాకా తెలియదు. ఏమీ వినపడదయ్యా. ఇన్నేళ్లూ వాళ్లకి నా ఉపన్యాసాలు వినపడలేదన్నమాట. అందుకే అంత గౌరవంగా చూశారు.

చర్చ అయ్యాక నేను లేచాను. రోవర్లు మోసేవాళ్లకి, రాళ్లు పాతేవాళ్లకి కూడా సంఘంలో చోటు ఉండాలని, వాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారని, ఎండదెబ్బ తగిలేది ముందు వాళ్లకేనని చెప్పాను. శాలేమురాజు మైకులో, "మంచి మాటే సార్. రెండు నిమిషాలయిపోయింది, కూర్చోండి. కావాలంటే రాసివ్వండి" అన్నాడు. వాడి గొంతుకి మైకు అక్కర్లేదు, అయినా మైకులోనే అన్నాడు.

కూర్చున్నాను. నాకు రాయడం రాదు. నాకు తెలిసినవాళ్లలో నియమాలు రాయడం వచ్చినవాడివి నువ్వొక్కడివే. నీ కాలు కుదురుకోగానే రా. రోవర్ పరీక్షకి నేను తయారు చేస్తాను, ముందే చెప్తున్నా, ఆగాలి. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఇది రాద్దాం. నీ కోసం నా పక్క కుర్చీలో సంచీ పెడతాను. అక్కడ మైకు వినపడదు కాబట్టి మనం ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. లేచి మాట్లాడాలంటే మాత్రం రెండు నిమిషాలే.

మీ బావ,
బసవేశ్వరరావు, సభ్యుడు